రాక్ షోని నాలుగు కెమెరాలతో తీసి ఎడిట్ చేయడం: ముందు సౌండ్ సంగతి తేల్చుకోండి

రాక్ షో వీడియోలో ఒక కెమెరా బొమ్మ రెండు సెకన్లు చెడిపోయినా ఇంకో కెమెరాకి కట్ చేసి నెట్టుకురావచ్చు. సౌండ్ అర సెకను పోతే ఆ పాట పోయినట్టే. అందుకే ఏ లెన్సు, ఏ ట్రైపాడ్ అనే చర్చకి ముందు సౌండ్ ఎక్కడినుంచి వస్తుందో, ఎన్ని చోట్ల రికార్డవుతుందో తేల్చుకోవాలి. కాలేజీ ఫెస్టులోనో, హైదరాబాద్‌లో రెండు మూడు వందల మంది పట్టే హాల్లోనో ఒక బ్యాండు గంటన్నర, రెండు గంటలు వాయించే షోని, సొంతవీ అద్దెవీ కలిపి నాలుగు కెమెరాలతో తీయాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మామూలు ప్రేక్షకులు తీసిన షోలు బాగా రాగలవని ఎప్పుడో రుజువైంది. 2004 అక్టోబర్ 9న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బీస్టీ బాయ్స్ బృందం తమ అభిమానులు 50 మందికి హై8 టేపు కెమెరాలిచ్చి షో అంతా తీయించారు. 2009 ఆగస్టు 23న ప్రాగ్‌లో రేడియోహెడ్ బ్యాండు అభిమానులు చిన్న చిన్న చేతి కెమెరాలతో తీసి, వాటన్నిటినీ కలిపి పూర్తి షోగా ఎడిట్ చేశారు. బొమ్మ చాలా చోట్ల ఊగుతుంది, గింజలు గింజలుగా ఉంటుంది. అయినా చివరిదాకా చూడబుద్ధవుతుంది. బ్యాండే తన షో ఆడియోని వాళ్ళకి ఇవ్వడం అందుకు పెద్ద కారణం. మిక్సర్ నుంచి వచ్చిన సౌండ్ చేతిలో ఉంటే సాధారణ కెమెరా కూడా నిలబడుతుంది.

మిక్సర్ నుంచి ఏం తీసుకోవాలి

అందరూ ముందుగా అడిగేది మిక్సర్ నుంచి ఎల్ఆర్ అవుట్, అంటే స్పీకర్లకి వెళ్ళే ఎడమ, కుడి మిక్స్. అది తీసుకుని, ఇంటికొచ్చి విని నీరుగారిపోతారు. గొంతు పెద్దగా, గిటార్ సన్నగా, డ్రమ్స్ ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. ఇందులో సౌండ్ ఇంజినీర్ తప్పేమీ లేదు. చిన్న హాల్లో గిటార్ ఆంప్‌లు, డ్రమ్స్ స్టేజీ మీదినుంచే చెవులు దద్దరిల్లేలా వినిపిస్తుంటాయి కాబట్టి, ఆయన స్పీకర్లలోకి వాటిని కొద్దిగానే పంపి, వినిపించని గొంతును పైకి తెస్తాడు. ఆ మిక్స్ ఆ హాలుకి సరిపోయేలా చేసింది. హాలు తీసేసి వింటే అది సగం మిక్సే.

దీనికి సరైన మందు మల్టీట్రాక్, అంటే ఒక్కో మైకునీ, వాయిద్యాన్నీ విడివిడిగా రికార్డు చేయడం. బెహ్రింగర్ ఎక్స్32 లాంటి డిజిటల్ మిక్సర్లు ఇప్పుడు మన ఊళ్ళలో అద్దె సౌండ్ వాళ్ళ దగ్గర మామూలుగానే దొరుకుతున్నాయి. దాని వెనక యూఎస్‌బీ కార్డు ఉంటే ఒక్క కేబుల్‌తో 32 చానెళ్ళు విడివిడిగా ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి, ఒక్కో చానెల్‌కి ఒక్కో ట్రాక్ కేటాయించాలి. సిగ్నల్‌ని ఫేడర్‌కి (సౌండ్ పెంచి దించే స్లైడర్‌కి) ముందే, అంటే ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే భాగం) దాటిన వెంటనే తీసుకోమని సౌండ్ ఇంజినీర్‌కి స్పష్టంగా చెప్పండి. లేకపోతే షో మధ్యలో ఆయన ఫేడర్ దించిన ప్రతిసారీ మీ ట్రాకూ దిగుతుంది. 24 చానెళ్ళు గంటకి దాదాపు 12.5 జీబీ తీసుకుంటాయి. ల్యాప్‌టాప్‌లో బఫర్ 1024 శాంపిళ్ళు పెట్టండి. ఇక్కడ ఆలస్యం ఎంతున్నా నష్టం లేదు, తెగిపోకుండా ఉండటమే కావాలి. వైఫై, అప్‌డేట్లు, స్లీప్ మోడ్ అన్నీ ఆపేసి, చార్జర్ పెట్టే ఉంచండి.

దీంతోపాటు రెండో రికార్డింగ్ ఒకటి ఉండి తీరాలి. ఎక్స్32 పైభాగంలో పెన్‌డ్రైవ్ గుచ్చి స్టీరియో మిక్స్ విడిగా రికార్డు చేసుకోవచ్చు. అది వీలుకాకపోతే, "అన్నా, మ్యాట్రిక్స్ అవుట్ ఒకటి ఖాళీగా ఉందా?" అని సౌండ్‌చెక్‌కి ముందే అడగండి, షో మొదలయ్యాక కాదు. మిక్స్‌ని ఇంకో చోటికి పంపే ఆ అదనపు అవుట్‌ని జూమ్ హెచ్6 లాంటి రికార్డర్‌కి ఇచ్చేటప్పుడు రెండు చోట్ల దెబ్బ తింటారు. మిక్సర్ అవుట్ లైన్ లెవెల్, అంటే మైకు సిగ్నల్ కన్నా చాలా బలమైనది. దాన్ని మైక్ లెవెల్ ఇన్‌పుట్‌లోకి పంపితే రికార్డర్ గెయిన్ ఎంత తగ్గించినా పగిలిపోయే వస్తుంది. రికార్డర్‌లో ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించే స్విచ్) ఆన్ చేయండి, లేదా లైన్ ఇన్‌పుట్ వాడండి. రెండోది ఫాంటమ్ పవర్, అంటే కొన్ని మైకులకి తీగలోంచే అందే కరెంటు. మైక్ కోసం ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయిన 48 వోల్టులు ఎదురుగా మిక్సర్ అవుట్‌లోకి వెళ్తాయి. తీగ గుచ్చేముందు ఆఫ్‌లో ఉందో లేదో చూడండి.

బొయ్‌మని హమ్ వస్తే రికార్డర్‌ని అడాప్టర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య తిరిగే కరెంటు. అడాప్టర్ తప్పనిసరైతే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ పెట్టాలి. జనరేటర్ మీద నడిచే ఆరుబయట షోల్లో ఇది ఎక్కువ. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి, మైక్ పట్టుకున్న గాయకుడికి షాక్ కొడుతుంది.

సౌండ్‌చెక్‌లో అతి పెద్ద శబ్దం మైనస్ 18 నుంచి మైనస్ 12 డెసిబెళ్ళ మధ్య ఆగేలా గెయిన్ పెట్టండి. జనం ముందు అందరూ గట్టిగా వాయిస్తారు, సౌండ్‌చెక్ కన్నా 6 డెసిబెళ్ళు పెరగడం మామూలే. ఎంత పెద్ద సౌండ్‌నైనా పగలకుండా తీసే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉంటే భయం లేదనుకుంటారు కానీ, మిక్సర్ లోపలే పగిలిన సౌండ్‌ని ఏ ఫ్లోటూ బాగుచేయలేదు.

మల్టీట్రాక్ దొరకని షోల్లో నేను గట్టిగా చెప్పేది ఒకటుంది: ఒక స్టీరియో మైక్ జతని హాలు వెనక కాకుండా స్టేజీ అంచున, స్టేజీ వైపు చూసేలా పెట్టండి. అక్కడ స్పీకర్ల గొంతు తక్కువ వినిపిస్తుంది; డ్రమ్స్, గిటార్ ఆంప్‌లు నేరుగా పడతాయి. ఎల్ఆర్‌లో లేనిది సరిగ్గా అదే. రెండు మైకుల మధ్య 17 సెంటీమీటర్లు, 110 డిగ్రీల కోణం ఉంటే చాలు. చప్పట్లు, అరుపుల కోసం వీలైతే ఇంకో జత జనం వైపు తిప్పి పెట్టండి. మల్టీట్రాక్ ఉన్నా ఈ జనం మైకులు కావాలి. అవి లేని లైవ్ మిక్స్ రేకుల షెడ్డులో రిహార్సల్‌లా వినిపిస్తుంది.

కెమెరాలు ఎక్కడ, ఏ సెట్టింగులో

మొదటి కెమెరా మిక్సర్ పక్కన ఎత్తు స్టాండు మీద, స్టేజీ మొత్తం పట్టేలా. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఫోకస్ మాన్యువల్. మిగతా మూడూ ఒకేసారి తప్పు షాటులో ఉన్నా ఇది కాపాడుతుంది. రెండోది దాని పక్కనే, దూరాన్ని దగ్గరగా చూపే టెలి లెన్సుతో, కుదుపు లేకుండా తిరిగే ఫ్లూయిడ్ హెడ్ ఉన్న ట్రైపాడ్ మీద. మూడోది స్టేజీ ముందు చేత్తో పట్టుకుని తిరిగేది, 24-70 లెన్సు. నాలుగోది డ్రమ్మర్ పక్కన బిగించిన చిన్న యాక్షన్ కెమెరా. డ్రమ్మర్‌ని మర్చిపోయిన షో వీడియోలు ఎన్నో. నిజానికి కట్ చేయడానికి అందరికన్నా ఎక్కువ కారణాలిచ్చేది ఆయనే.

టెలి లెన్సు లెక్క ముందే వేసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 200 ఎంఎం లెన్సుతో 20 మీటర్ల దూరం నుంచి చూస్తే ఫ్రేములో దాదాపు 2 మీటర్ల ఎత్తు పడుతుంది, అంటే మనిషి నిలువెత్తు. నడుము పైభాగమే కావాలంటే 400 ఎంఎం కావాలి, దాని అద్దె చాలా ఎక్కువ. తేలికైన దారి 4కేలో తీసి 1080 టైమ్‌లైన్‌లో ఎడిట్ చేయడం. అప్పుడు అదే 200 ఎంఎం షాటుని రెండింతలు దగ్గరకి తెచ్చినా బొమ్మ పదును పోదు. దిద్దుకోవడానికి ఇంత చోటిచ్చేది ఇంకేదీ లేదు.

అన్ని కెమెరాల్లో 25 ఫ్రేములు, షటర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హాలు ట్యూబులైట్లు మినుకుమనవు, 25 అంటే కచ్చితంగా 25 కాబట్టి లెక్కల తలనొప్పీ ఉండదు. ఎవరో ఒకరు 24 అని, మరొకరు 23.976లో తీస్తే తేడా 0.1 శాతమే కానీ, సరిచూడకుండా కలిపితే అది గంటకి 3.6 సెకన్లు. ఐఫోన్ అయితే సెట్టింగుల్లో పాల్ (PAL) ఫార్మాట్లు ఆన్ చేస్తేనే 25 కనిపిస్తుంది. చీకట్లో తనంతట తాను ఫ్రేములు తగ్గించుకునే ఆటో ఎఫ్‌పీఎస్‌ని కూడా ఆపాలి. ఫోన్లు చాలావరకు ఫ్రేము వేగాన్ని మారుస్తూ రికార్డు చేస్తాయి. అలాంటి ఫైలు మొదట్లో సింక్ అయి, పది నిమిషాల తర్వాత పెదవులు ఒకటి, మాట ఒకటి అవుతుంది. ఎడిట్‌లోకి తెచ్చేముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25కి మార్చుకోండి.

చవక ఎల్‌ఈడీ పార్‌లు (స్టేజీ లైట్లు) డిమ్‌లో ఉన్నప్పుడు బొమ్మ మీద నల్లటి అడ్డచారలు పాకుతాయి. అవి వెలుగు తగ్గించేది నిజంగా మసకబారి కాదు, వేగంగా ఆరి వెలిగి. షటర్ 1/200 చేస్తే చారలు మరీ ఎక్కువవుతాయి, 1/50 దగ్గరే ఉండండి. సౌండ్‌చెక్‌లో లైటింగ్ వాళ్ళని ప్రతి రంగూ ఒకసారి వేయమని, బాగా డిమ్‌లో నడపొద్దని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, వీడియో బాగా వస్తే వాళ్ళ పనీ కనిపిస్తుంది కదా. వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే షటర్‌ని చిన్న మెట్లలో మార్చే సదుపాయం ఉన్న కెమెరాతో చార ఆగేదాకా తిప్పాలి.

ఎక్స్‌పోజర్ మొత్తం మాన్యువల్. ఆటోలో పెడితే కెమెరా వెనకున్న చీకటిని చూసి గాయకుడి ముఖాన్ని తెల్లటి మచ్చ చేస్తుంది. ఎఫ్2.8, 1/50, ఐఎస్‌ఓ 1600 దగ్గర మొదలుపెట్టి, ముఖం మీద స్పాట్ పడ్డప్పుడు 95 శాతం జీబ్రా చారలు (వెలుగు ఎక్కువైన చోట కెమెరా తెర మీద చూపే గీతలు) కనిపించనంత వరకు తగ్గించండి. వైట్ బ్యాలెన్సు అన్నిటికీ ఒకే అంకె, 5600 అనుకోండి, అదే చివరిదాకా. నీలం ఎల్‌ఈడీ మహా మోసకారి: బొమ్మ చీకటిగానే కనిపిస్తుంది, లోపల నీలం చానెల్ మాత్రం ఎప్పుడో నిండిపోయి, ముఖంలో గీతలన్నీ చెరిగి ఒకే నీలి ముద్ద అవుతుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) దీన్ని పట్టించదు, మూడు రంగులనూ విడివిడిగా చూపించేది పెట్టుకోండి. 8 బిట్ కెమెరాలో లాగ్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి బొమ్మని పాలిపోయినట్టు తీసే పద్ధతి) వాడొద్దన్నది నా గట్టి అభిప్రాయం. చీకటి భాగాల్లో నాయిస్, పొగలో మెట్లు మెట్లుగా రంగు తప్ప ఒరిగేదేమీ లేదు.

కార్డుల సంగతి. 100 ఎంబీపీఎస్‌లో 4కే అంటే గంటకి 45 జీబీ. నాలుగు కెమెరాలు, రెండు గంటలు కలిపి 360 జీబీ. వీ30 అని రాసున్న మెమరీ కార్డు దీనికి సరిపోతుంది. కొన్ని కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకి తమంతట తామే ఆగిపోతాయి. అలాంటిదుంటే ఏ పాట తర్వాత ఆపి మళ్ళీ నొక్కాలో పాటల వరుస మీద గుర్తు పెట్టుకోండి. బ్యాటరీలూ అంతే, రెండు కెమెరాలు ఒకేసారి బ్యాటరీ మార్చకూడదు. ఎండాకాలం ఆరుబయట షో అయితే కెమెరా తెరని బాడీకి దూరంగా తిప్పి ఉంచండి, వేడి కాస్త తొందరగా పోతుంది.

శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 దాటాక నడపకూడదు. షో ఆలస్యంగా మొదలైతే బ్యాండు చివరి పాటలు కుదించేస్తుంది, వరుస మార్చేస్తుంది. పెద్ద పాట చివర్లో వస్తుందని మంచి షాట్లు దాచుకోకండి. అందరూ షోకి 10 నిమిషాల ముందే రికార్డు నొక్కి, అందరి కెమెరాలకీ వినపడేలా ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి. ఆ తర్వాత, ముందే గుర్తు పెట్టుకున్న చోట తప్ప, పాటల మధ్య ఎవరూ ఆపకూడదు.

సింక్: ఎవరి గడియారం వారిదే

షో అయిన రాత్రే కార్డులన్నీ ఫోల్డర్లతో సహా యథాతథంగా రెండు డిస్కుల్లోకి కాపీ చేయండి. లోపలి వీడియో ఫైళ్ళు మాత్రమే ఏరుకుంటే ముక్కలుగా విడిపోయిన పెద్ద క్లిప్పులు అతుకు దగ్గర కొన్ని ఫ్రేములు పోగొట్టుకోవచ్చు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్ మీడియా పేజీలో ఉన్న క్లోన్ టూల్ కాపీ సరిగ్గా జరిగిందో లేదో సరిచూస్తుంది కూడా.

రిజాల్వ్‌లో ఆడియో తరంగాన్ని బట్టి సింక్ చేయమంటే నాలుగు క్లిప్పులూ మాస్టర్ సౌండ్ (మిక్సర్ నుంచి తీసిన రికార్డింగ్) కింద వరుసగా కూర్చుంటాయి. పని అయిపోయిందనిపిస్తుంది కానీ రెండు చిక్కులు మిగిలే ఉంటాయి.

ఒకటి, ప్రతి పరికరానికీ తన గడియారం ఉంది. రెండిటి మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకుంటే గంటకి 72 మిల్లీసెకన్లు, దాదాపు రెండు ఫ్రేములు. మొదటి పాట సరిగ్గా ఉండి, చివరి పాటలో డ్రమ్ కర్ర ఆలస్యంగా తగులుతుందంటే కారణం ఇదే. దీనికోసం మాస్టర్ ఆడియోని సాగదీయకండి. టైమ్‌లైన్‌ని పాట పాటకీ విడదీసి ప్రతి పాటనీ మళ్ళీ సింక్ చేయండి. అయిదు నిమిషాల పాటలో అదే తేడా 6 మిల్లీసెకన్లే, కంటికి ఆనదు.

రెండోది దూరం. సౌండ్ సెకనుకి సుమారు 345 మీటర్లు వెళ్తుంది. 20 మీటర్ల దూరంలో ఉన్న కెమెరాకి బొమ్మ వెంటనే అందుతుంది, సౌండ్ 58 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. మిక్సర్ సౌండ్‌కి ఆ ఆలస్యం లేదు. కెమెరా సౌండ్‌ని మిక్సర్ సౌండ్‌తో కలిపినప్పుడు దాని బొమ్మ ఫ్రేమున్నర ముందుకి జరిగిపోతుంది. కర్ర తగిలాక సౌండ్ వస్తుంది. కాబట్టి సింక్ అయ్యాక, ప్రతి 14 మీటర్లకి ఒక ఫ్రేము చొప్పున ఆ కెమెరా క్లిప్పుని టైమ్‌లైన్‌లో కుడివైపుకి జరపండి. చివరి తీర్పు స్నేర్ డ్రమ్ మీద కర్ర తగిలే ఫ్రేముదే. కెమెరాలన్నిట్లో ఆ ఒక్క దెబ్బ కలిస్తే మిగతా అంతా కలిసినట్టే.

మిక్స్, ఆ తర్వాత కట్

బొమ్మ ముట్టుకునే ముందు సౌండ్ మిక్స్ ఒక రూపానికి రావాలి. గిటార్ సోలో పైకి తేలిందో లేదో తెలియకుండా అక్కడ ఎవరిని చూపించాలో ఎలా తెలుస్తుంది? ముందు డ్రమ్స్ ఓవర్‌హెడ్ మైకులు పెట్టి, వాటి కింద కిక్, స్నేర్ చేర్చండి. స్నేర్ కింద ఇంకో మైకుంటే దాని పోలారిటీ తిప్పి (సౌండ్ తరంగాన్ని తలకిందులు చేసి) వినండి, ఎక్కడ బరువు పెరిగితే అదే సరైనది. బేస్‌కి డీఐ (గిటార్ నుంచి నేరుగా తీసిన సిగ్నల్), ఆంప్ మైకు రెండూ ఉన్నా అదే పరీక్ష. గొంతు మైకులో కింద 100 హెర్ట్జ్ కోసేయండి. పాడని చోట్ల ఆ ట్రాకుని పూర్తిగా మూయకుండా 8, 10 డెసిబెళ్ళు దించండి చాలు. మైకులోకి పడే సింబళ్ళ సౌండ్ ఒక్కసారిగా మాయమై మళ్ళీ వస్తే వినేవాళ్ళకి ఎక్కడో ఏదో ఊగినట్టుంటుంది.

స్టేజీ అంచు మైకుల్ని, మిక్సర్ దగ్గరి మైకుల్ని స్నేర్ దెబ్బని బట్టి ముందుకి జరపాలి, లేకపోతే ప్రతి దెబ్బా రెండుగా వినిపిస్తుంది. జనం మైకులు పాట నడుస్తున్నంతసేపూ 6 నుంచి 10 డెసిబెళ్ళు కింద, పాట అయిపోగానే నెమ్మదిగా పైకి. చివరి స్వరం ఆరిపోకముందే చప్పట్లు లేపడం మొదలుపెడితే అతుకు తెలియదు.

కట్ విషయంలో నా మాట: పాట నిర్మాణాన్ని అనుసరించండి, ప్రతి బీటునీ కాదు. పల్లవి మారే చోట, సోలో మొదలయ్యే చోట, డ్రమ్ ఫిల్ దగ్గర కట్టుకి కారణం ఉంది. సోలో మొదలయ్యే అర సెకను ముందే గిటారిస్టు మీదికి వెళ్ళాలి. స్వరం వినిపించాక వెళ్తే నిద్రలేచి చూసినట్టుంటుంది. నాలుగు కెమెరాలనూ కలిపిన మల్టీకామ్ క్లిప్పు చేసుకుని, పాట నడుస్తుండగా అంకెల కీలతో లైవ్‌గా కట్ చేసుకుంటూ పోండి. రెండోసారి వచ్చి అతుకులు సర్దుకోవచ్చు. ల్యాప్‌టాప్ నాలుగు 4కే ధారల్ని ఒకేసారి మోయలేకపోతే ప్రాక్సీలు (తేలికపాటి నకలు ఫైళ్ళు) చేయించండి.

ఏ కెమెరాలోనూ మంచి షాటు లేని చోట వేరే పాటలోని జనాన్ని తెచ్చి అతికించాలనిపిస్తుంది. లైట్ల రంగు పట్టిస్తుంది. అలాగే గిటార్ వేళ్ళ క్లోజప్‌ని వేరే చోటినుంచి తేకండి. గిటార్ తెలిసినవాళ్ళు మొదటి చూపులోనే పసిగడతారు, ఈ వీడియోలు ఎక్కువగా చూసేదీ వాళ్ళే. అలాంటి చోట వైడ్ షాటులో ఉండిపోవడమే మర్యాద. స్ట్రోబ్ లైటు వల్ల సగం తెల్లగా, సగం చీకటిగా పడ్డ ఫ్రేములుంటాయి. కెమెరా సెన్సర్ పైనుంచి కిందికి వరుసగా చదువుతుంది కాబట్టి అవి తప్పవు. సరిగ్గా అక్కడ కట్ పడితే చెడ్డ ఫ్రేమును వదిలించుకోవచ్చు.

రంగులు సరిచేసేటప్పుడు షో లైట్లలో కెమెరాల్ని కలపబోతే తల తిరుగుతుంది. అందుకే షోకి ముందు తెల్లటి పని లైట్ల కింద ఒక గ్రే కార్డుని నాలుగు కెమెరాలతోనూ పది సెకన్లు తీసి ఉంచండి. దాన్నిబట్టి కలిపి, ఆ సర్దుబాటునే షో అంతటికీ వేయొచ్చు. ముద్దైపోయిన నీలాలకి గ్యామట్ మ్యాపింగ్ (హద్దు దాటిన రంగుల్ని లోపలికి తెచ్చే టూల్) కొంత నయం చేస్తుంది, పూర్తిగా చేయదు.

అప్‌లోడ్, హక్కులు

పొగ, మెరుపులు, ఊగే జనం అంటే యూట్యూబ్ కంప్రెషన్‌కి అతి కష్టమైన బొమ్మ. 1080లో ఎడిట్ చేసినా 4కేకి పెంచి 40 ఎంబీపీఎస్ దగ్గర ఎక్కించండి. ఎక్కువ బిట్‌రేటు దక్కుతుంది, 1080లో చూసేవాళ్ళకి కూడా తేడా కనిపిస్తుంది. సౌండ్‌ని యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే బిగ్గరతనపు కొలత) దగ్గరికి దించుతుంది కాబట్టి లిమిటర్‌తో నలిపి లౌడ్ చేసినందువల్ల లాభం లేదు, డ్రమ్స్ చచ్చిపోతాయి అంతే. ట్రూ పీక్, అంటే సౌండ్ తరంగపు అసలు శిఖరం, మైనస్ 1 దాటనివ్వకండి.

వాయించేవాళ్ళ అనుమతి రాతపూర్వకంగా, షోకి ముందే తీసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం తమ ప్రదర్శన మీద కళాకారులకి 50 ఏళ్ళ హక్కు ఉంటుంది. స్నేహితుల బ్యాండయినా సరే. బ్యాండు వేరేవాళ్ళ పాట వాయిస్తే ఆ పాట హక్కులు వేరు. నిర్వాహకులు ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు తీసుకున్నా అది ఆ రోజు హాల్లో వాయించుకోవడానికే. దాన్ని బొమ్మకి జతచేసి నెట్‌లో పెట్టడానికి ఇంకో అనుమతి కావాలి. అది లేకపోతే యూట్యూబ్‌లో పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ ఆ వీడియో ఆదాయాన్ని హక్కుదారుకి మళ్ళించవచ్చు, అసలు వీడియోనే ఆపేయవచ్చు. సినిమా పాటల మెడ్లీ ఉన్న షో అయితే బ్యాండు సొంత పాటల్ని ఒక్కో పాట ఒక్కో వీడియోగా విడదీసి ఎక్కించడం మేలు. మెడ్లీ మీద క్లెయిము వచ్చినా మిగతావి దానితోపాటు పోవు.

బ్యాండుకి పూర్తయిన వీడియోతోపాటు మల్టీట్రాక్ ఫైళ్ళు కూడా ఒక డిస్కులో ఇవ్వండి. ట్రాకుల పేర్లు "చానెల్ 7" అని కాకుండా "స్నేర్ పైన", "గిటార్ ఎడమ" అని మార్చి, ప్రతి ఫైలూ ఒకే సెకను దగ్గర మొదలయ్యేలా ఎగుమతి చేయండి. ఎవరు ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా వరుసగా కూర్చుంటాయి.